ఉగాదికి తెరిచిన నోరు

మా దేవరాజులన్న ఒక్కరిని కూడా వదిలిపెట్టి ముందుకు కదలడు. ఆయనలో చెప్పుకోదగ్గ గుణం అదొక్కటే, చెప్పుకుని ఏడవదగ్గ గుణమూ అదే. పదిమంది కలిసి ఒక పనికి బయలుదేరితే తొమ్మిదిమంది సిద్ధంగా ఉన్నా ఆయనకు లెక్కలేదు. ఆ పదో మనిషి చెప్పులు వెతుక్కుంటున్నాడా, చెయ్యి కడుక్కుంటున్నాడా, అసలు పుట్టాడా లేదా అన్నది తేలేదాకా ఆయన కాలు లేవదు. నేనేమో ఆగలేని మనిషిని. చిత్తూరులో నాకు ఫ్లెక్సీలు వేసే షాపుంది. పొద్దున పుట్టినరోజు, మధ్యాహ్నం శ్రద్ధాంజలి, సాయంత్రం రాజకీయం, అన్నీ అరగంటలో కావాలంటారు. అలాంటి నాకు ఇలాంటి అన్న దొరకడం పూర్వజన్మ సుకృతమని మాత్రం నేను అనను.

అన్న ఊరు తిరుపతి. ఒక ట్రావెల్స్‌లో గైడు. యాత్రికులను బస్సులో కాణిపాకం, శ్రీపురం, తిరువణ్ణామలై తిప్పి భద్రంగా వెనక్కి తీసుకురావడం ఆయన పని. ఆ బస్సుల ముందు కట్టే ఫ్లెక్సీలు నేనే వేస్తాను, మా పరిచయం అలా మొదలైంది. బస్సు కదిలే ముందు ఆయన తలలు లెక్కపెట్టి "అందరూ ఎక్కినారా?" అని అడుగుతాడు. ఆ మాట అందరు గైడులూ అడుగుతారు. కాకపోతే వాళ్లు జవాబు కోసం ఆగరు.

ఒకసారి కాణిపాకంలో ఒక తల తక్కువైంది. బస్సు ఆగిపోయింది. పిల్లలు ఏడ్చారు, పెద్దవాళ్లు తిట్టారు, డ్రైవరు గురకపెట్టాడు. చివరికి తేలిందేమంటే, ఆ తప్పిపోయిన పెద్దమనిషి దర్శనం కాగానే ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి చిత్తూరులో అత్తగారింటికి వెళ్లిపోయాడు. ఇంకొకరైతే పీడా పోయిందనుకుని బండి తీసేవారు. అన్న బస్సును నేరుగా ఆ అత్తగారి వీధికి తిప్పించాడు. అల్లుడుగారు విస్తరి ముందు కూర్చుని రెండోసారి పప్పు వేయించుకుంటున్నాడు. నేను ఇక్కడే ఉండిపోతానన్నాడు. "ఉండప్పా, వద్దని ఎవురన్నారు? ఉంటానని ఒక మాట చెప్పి ఉండు," అన్నాడు అన్న. వాకిట్లో బస్సెడు జనాన్ని చూసి ఆ అత్తగారు హడలిపోయి, ఉన్న పెరుగంతా చిలికి అందరికీ మజ్జిగ పోసిందట. ఆ యాత్రలో అందరికీ గుర్తుండిపోయింది ఆ మజ్జిగేనని తర్వాత చెప్పుకున్నారు.

ఇక ఆయన పెళ్లి సంగతి శకుంతలమ్మ వదిన చెబితే వినాలి. మేళాలు మోగుతున్నాయి, అక్షింతలు చేతుల్లో ఉన్నాయి, పెళ్లికొడుకు తాళి పట్టుకుని ఆగిపోయాడు. ఎందుకయ్యా అంటే పుత్తూరు మేనమామ ఇంకా రాలేదట. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు మొత్తుకుంటే, ముహూర్తం పోతే ఇంకొకటి వస్తుంది స్వామీ, మామ ఒక్కడే గదా అన్నాడట. ఆ మామ ఏదో అలిగి ఇంట్లో ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు. తాళి గాల్లో ఉందని ఎవరో పోయి చెబితే, చొక్కా తిరగేసి తొడుక్కుని పరుగెత్తుకొచ్చాడు. "అంతసేపు తల వంచుకోనే ఉండా. ఇప్పటికీ నా మెడ సక్కంగా నిలబడదు," అంటుంది వదిన. అన్నంత మాత్రాన ఆమె మెడకు ఏమీ కాలేదు. ఆయన ఏదైనా చెబుతుంటే అడ్డంగా ఊపడానికి బాగానే పనికొస్తోంది.

ఇలాంటి మనిషి ఫోనులో ఆట నడపడం మొదలుపెట్టాడు. అక్కడ మొదలయ్యాయి మా కష్టాలు.

ఆయన మేనకోడలు రూపశ్రీ బెంగుళూరులో ఉద్యోగం చేస్తుంది. చూసి వద్దామని వెళ్తే, ఆ పిల్లా స్నేహితులూ బల్ల చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడుతున్నారు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో ఒక్కొక్క మనిషి. నీ ముందు తలుపుంది, ఏం చేస్తావు అని కథ చెప్పేవాడు అడిగితే, తంతానో తాళం తీస్తానో నువ్వు చెప్పుకోవాలి. నువ్వు తన్నిన తలుపు విరిగిందా, నీ కాలు విరిగిందా అన్నది పాచిక తేలుస్తుంది. అంతే ఆట. అన్న దాన్ని చూసి ముచ్చటపడ్డాడు గానీ తిరిగి వచ్చేటప్పుడు ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"ఒక పిల్లోడు ఫోను మాట్లాడేదానికి బయటికి పోయినాడప్పా. ఆ సందులో వాడి మనిషిని సింహం తినేసింది. వాడొచ్చి కూర్సోని, నేను యాడుండాను అని అడిగినాడు. సింహం కడుపులో ఉండావన్నారు. అందరూ నగినారు. నాకు నగు రాలేదు."

ఆ బాధతో ఆయనే సొంతంగా వాట్సాప్‌లో 'చంద్రగిరి దండు' అని గ్రూపు పెట్టాడు. బల్ల అక్కర్లేదు, అందరూ ఒకేసారి కూర్చోనక్కర్లేదు. ఆయన కథ రాసి పెడతాడు, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు తమ మనిషి ఏం చేస్తున్నాడో రాస్తారు. రాజుల కాలం నాటి చంద్రగిరి కోట, దాని కింద ఆయన సొంత బుర్రతో తవ్విన ఒక సొరంగం, దాని చివర ఏదో నిధి. పాచిక ఆయనే బస్సులో స్టీలు పళ్లెంలో వేసి వీడియో పెడతాడు. భాకరాపేట కనుమ మలుపుల్లో పళ్లెం ఒరిగిపోయి ప్రతి పాచికా ఆరే పడుతుండడంతో, మలుపులో వేసింది చెల్లదని ఒక చట్టం కూడా చేసుకున్నాం.

దండులో మేం నలుగురం. నేను చీకటి చలపతి అనే దొంగను. "ముందర తలుపు ఉండాది" అని అన్న రాసేలోపే నేను తెరిచేసి ఉంటాను. పరంధామయ్యగారు ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా రిటైరై తిరుపతిలో ఉంటారు. ఆయన మంత్రగాడు. మంత్రం వేయాలన్నా ఆఫీసు భాష వదలరు. "గబ్బిలముల విషయము పరిశీలించడమైనది. వాటిని భస్మము చేయుటకు అనుమతి కోరడమైనది," అని రాస్తారు. నగరిలో మరమగ్గాలు నడిపే సుబ్రమణ్యం విలుకాడు. టైపు చేయడం ఆయనకు బద్ధకం. మగ్గాల పక్కన నిలబడి గొంతు రికార్డు చేసి పంపిస్తాడు. అందులో టకటక టకటక తప్ప ఏమీ వినపడదు, చివర "సరేనా?" అని ఒక్క మాట వస్తుంది. మేం సరే అంటాం. బాణం ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

నాలుగో మనిషి గ్రేసీ. చిత్తూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఇంజెక్షన్ వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి సారీ చెప్పే పిల్ల. అంత మెత్తని మనిషి ఆటలోకి దిగితే నీలమ్మ అనే కత్తిసాము వీరురాలు. ఒక చేతిలో దివిటీ, ఒక చేతిలో కత్తి. దొరికినవాడి దొరికిన భాగం కోసి సంచిలో వేసుకోవడం నీలమ్మ అలవాటు. పగలంతా ఆస్పత్రిలో కుట్లు వేసి వేసి విసుగొచ్చి, సాయంత్రం ఇక్కడ ఆ కుట్లన్నీ విప్పేస్తుందేమోనని నా అనుమానం.

ఉగాది నాడు సొరంగంలో రాక్షసి ఎదురైంది. ముసలి రాక్షసి, దారికి అడ్డంగా ఇంత నోరు తెరిచి నిలబడింది. ఎవరేం చేస్తారని అన్న అడిగాడు. నేను అప్పటికే దాని కాళ్ల సందున దూరాను. పరంధామయ్యగారు అనుమతి కోరారు. సుబ్రమణ్యం దగ్గరనుంచి ఉలుకూ పలుకూ లేదు. విచారిస్తే ఆయన ఫోను రంగుతొట్టిలో పడి ఆకుపచ్చగా తేలిందట.

ఆట ఆగిపోయింది. రాక్షసి నోరు తెరుచుకునే ఉంది. ఉగాదికి తెరిచిన నోరు మే నెలలో తిరుపతి గంగ జాతర వచ్చినా మూయలేదు. అంతసేపు నోరు తెరిస్తే దానికి దవడ నొప్పి రాదా అన్నా అని అడిగాను. వచ్చింది, అందుకే కూర్చుంది అన్నాడు. మరి నేను దాని కాళ్ల సందున ఉన్నాను గదా అన్నాను. నీమీద పడకుండా సూసి కూర్చుంది అన్నాడు. ఇలాంటి మర్యాదస్తురాలైన రాక్షసితో యుద్ధం ఎలా చేయాలో నాకు అర్థం కాలేదు.

జాతర అయ్యాక సుబ్రమణ్యం కొత్త ఫోను కొన్నాడు. టకటక, సరేనా అని బాణం వేశాడు. మేమంతా పండగ చేసుకున్నాం. బాణం పడ్డాకే దిగుతానన్న గ్రేసీ ఒక్కతే ఇంక చెప్పాలి. ఎప్పుడూ ఆలస్యం చేయని పిల్ల, అరగంటలో చెప్పేస్తుందనుకున్నాం. ఆ సాయంత్రం చెప్పలేదు. ఆ వారం చెప్పలేదు. ఆ నెల చెప్పలేదు. గ్రూపు వదిలి పోనూ లేదు, నోరు విప్పనూ లేదు. ఫోను చేస్తే తీయదు. ఆస్పత్రికి వెళ్లి కనుక్కుంటానంటే అన్న ఒప్పుకోలేదు. ఆమె చెప్పినప్పుడే విందామన్నాడు.

పైగా దివిటీ ఆమె చేతిలో ఉంది. ఆమె కదిలితేనే మాకు వెలుగు. అన్న రోజూ సాయంత్రం ఒకే ముక్క రాసి పెట్టేవాడు. "సొరంగంలో నీలమ్మ నిలబడుకోనుండాది. దివిటీ మండుతా ఉండాది. అందరూ ఆడనే ఉండారు." మర్నాడు మళ్లీ అదే. ఒకరోజు పైనుంచి నీటి బొట్టు పడేది, ఒకరోజు గబ్బిలం ఇటునుంచి అటు తిరిగి పడుకునేది. కథ మాత్రం ఒక్క అంగుళం జరిగేది కాదు. అన్ని రోజులు ఆరకుండా మండడానికి దివిటీకి చమురెక్కడిదని నేను ఎగతాళిగా అడిగితే, నేను పోస్తున్నానని జవాబు వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. తిరుపతి వెళ్లి బస్టాండు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. ఏ ఆటలోనైనా మనిషి రాకపోతే పక్కన పెట్టేస్తారన్నా అన్నాను. దివిటీ పరంధామయ్యగారి చేతికి ఇచ్చేయమన్నాను. ఇంకా మంచి ఉపాయం ఉందన్నాను. నీలమ్మను రాక్షసికి వేసేయ్, దాని నోరు ఎలాగూ తెరిచే ఉంది, రెండు సమస్యలూ ఒకేసారి తీరిపోతాయన్నాను. అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయనకు కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు, అప్పుడూ రాలేదు గానీ కొంచెం దగ్గరిదాకా వచ్చి పోయినట్టు అనిపించింది.

"ఆ యమ్మ చేతిలో దివిటీ తీసి ఇంగొకరికిస్తే ఏమని అర్థం గిరీ? నువ్వు లేకపోయినా మాకు జరిగిపోతాది అని చెప్పినట్టే గదా. ఆ మాట నేను చెప్పను."

నువ్వు చెప్పకపోతే మానె, నేను చెబుతానని ఆ రాత్రే 'కొత్త దండు' అని వేరే గ్రూపు పెట్టేశాను. పరంధామయ్యగారినీ సుబ్రమణ్యాన్నీ లాక్కొచ్చాను. కథ నేనే చెప్పాను. నా కథలో ఆగడాలు లేవు. సోమవారం అడవి, మంగళవారం సముద్రం, బుధవారం అగ్నిపర్వతం. గురువారం మధ్యాహ్నం పరంధామయ్యగారు భోంచేసి కాసేపు నడుం వాల్చారు. లేచి చూసుకునేసరికి ఆయన మంత్రగాడు చచ్చిపోయి, దహనమైపోయి, బూడిద కలిపేయడం కూడా అయిపోయింది. "నా మరణము గురించి నాకు ముందస్తు నోటీసు ఇవ్వబడలేదు," అని రాసి ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయారు. సుబ్రమణ్యం టకటకల మధ్య ఏదో తిట్టాడు, ఈసారి సరేనా అని కూడా అడగలేదు. శుక్రవారానికి ఆ గ్రూపులో నేనూ అగ్నిపర్వతమూ మిగిలాం.

తోక ముడుచుకుని పాత దండుకు తిరిగి వస్తే అన్న ఒక్క మాట అనలేదు. మీ చోట్లు అట్లే ఉన్నాయి, వచ్చి నిలబడుకోండి అన్నాడు. చూసుకుంటే నిజంగానే నేను ఇంకా రాక్షసి కాళ్ల సందునే ఉన్నాను. వానలు వచ్చాయి, పోయాయి. దసరా పోయింది, దీపావళి పోయింది. దివిటీ మండుతూనే ఉంది.

డిసెంబరు మొదట్లో ఒక పెద్దావిడ మా షాపుకు వచ్చింది. తెల్ల చీర, చంకలో గొడుగు. పేరు రెబెకా. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఉండేది గ్రీమ్స్‌పేటలో. వాళ్ల చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్పేది ఈమే. క్రిస్మస్ ఫ్లెక్సీకి నేను వేసిన నమూనా చూసి, అందులో తప్పులన్నీ గొడుగు మొనతో చూపించింది. దిద్దుతుంటే నా పేరు అడిగింది. గిరిప్రసాద్ అన్నాను. కళ్లద్దాలు ముక్కు మీదికి దించి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"చీకటి చలపతివి నువ్వేనా? ఆ పాపను రాక్షసికి మేపమన్నది?"

మా దండు గురించి మా ఇంట్లో వాళ్లకే సరిగ్గా తెలియదు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, ఫోను తీసి నా ముందు పెట్టింది. అది వాళ్ల చర్చి స్త్రీల సమాజం గ్రూపు. గంగ జాతర వెళ్లిన వారం. పాటల సాధనకు ఆలస్యంగా వచ్చేవాళ్లను చీల్చి చెండాడుతూ రెబెకమ్మ ఇంత పొడుగు రాసింది. దాని కిందే గ్రేసీ పంపిన ముక్క ఉంది. "ఈ ముసలి రాక్షసి నోరు తెరిచిందే గానీ ఇంతవరకు మూసింది లేదు. ఇంగ నేను ఓర్చుకోను. దీని నాలుక కోసి సంచిలో ఏసుకోని పోతా."

నీలమ్మ రాసిన ముక్క. మా దండుకు రావాల్సింది, వేలు జారి అక్కడ పడింది. దాని కింద, అలవాటు కొద్దీ, చదవకుండానే ముగ్గురు 'ఆమెన్' పెట్టారు.

నాకు నవ్వు ఆగలేదు. ఆమె కూడా ఆపమనలేదు. "రాక్షసి అన్నందుకు నేను బాధపడలేదు నాయనా. బడిలో పిల్లోళ్లు ముప్పై ఏండ్లు అదే అన్నారు. ఆ ఆమెన్లే నన్ను నిద్రపోనీలేదు. అందులో ఒకటి మా సొంత చెల్లెలిది," అంది.

మిగతా కథ ఆమె చెబితే నేను విన్నాను. గ్రేసీ తప్పు చూసుకుని కంగారులో ఆ ముక్కను తుడిచేసింది. తుడిచింది తన ఫోనులోంచి మాత్రమే. అందరి ఫోన్లలో అది భద్రంగా ఉందని తెలియక, దండుకు తర్వాత రాద్దాంలే అనుకుని, మర్నాడు ఆదివారం నవ్వుకుంటూ చర్చికి వెళ్లింది. అక్కడ సంఘ పెద్దలు పిలిచి అడిగితే నిజం చెప్పింది. అది ఆట అయ్యా, పాచికలు వేస్తాం, మాతో ఒక మంత్రగాడు ఉంటాడు, సొరంగంలో రాక్షసి ఉంటుంది అంది. జూదం, మంత్రాలు, రాక్షసి, మూడూ ఒకే మాటలో. ఒక తప్పుకు సంజాయిషీ అడిగితే మూడు తప్పులు ఒప్పుకున్నట్టయింది. ఆ పిల్ల సిగ్గుతో పాటలకు రావడం మానేసింది. ఏటా క్రిస్మస్ పాట మొదట ఎత్తుకునే గొంతు ఆమెదే. ఇప్పుడు రెబెకమ్మ ఎదురొస్తే సందు మార్చి వెళ్లిపోతోంది, ఫోను చేస్తే ఎత్తడం లేదు.

ఇదంతా మీకెలా తెలుసు, దండు సంగతి మీకెవరు చెప్పారని అడిగాను. మీ గైడు అంది.

ఆ ఆదివారం గడిచిన మర్నాడే అన్న గ్రేసీని కలిశాడట. దండులో ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి, అంతా విన్నాడు. ఆ వారం సెలవు రోజున చిత్తూరు వచ్చి రెబెకమ్మ గేటు ముందు నిలబడ్డాడు. ఏదో టూరు ప్యాకేజీ అమ్మడానికి వచ్చాడనుకుని, మేము యాడికీ రాము పో అందామె. ఆగుతానమ్మా అన్నాడు. ఆమె బజారుకు పోయి కూరగాయలు తెచ్చుకుంది. వచ్చేసరికి, ఆమె పూలకుండీల మీదికి వచ్చిన మేకలను తోలుతూ అక్కడే ఉన్నాడు. ఆమె వంట చేసుకుంది, తినింది. ఉన్నాడు. ఆగడంలో దేవరాజులన్నను గెలిచిన మనిషి ఈ జిల్లాలో లేడు. చివరికి ఆమే గేటు తీసి, మంచినీళ్లు ఇచ్చి, ఏంది నీ కథ అంది.

ఆయన నిజంగానే కథ చెప్పాడు. మొదటి తలుపు నుంచి, ఫోనులో ఉన్నది ఉన్నట్టు, నా తొందరలూ పరంధామయ్యగారి అర్జీలతో సహా చదివి వినిపించాడు. టీ కొట్టు దగ్గర నేనిచ్చిన ఉపాయం కూడా దాచలేదు. ప్రతి సెలవు రోజూ వచ్చి కొంత కొంత. ఆమె మొదట తప్పులు దిద్దింది. తర్వాత తప్పులు వదిలేసి, ఆపైన ఏమాయె అని అడగడం మొదలుపెట్టింది. ఇందులో డబ్బు లేదని, జూదం కాదని తెలుసుకున్నాక సంఘ పెద్దల దగ్గరికి ఆమే పోయి చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ చెప్పాక వాళ్లు ఇంక ఎదురు చెప్పలేదు. గ్రేసీ మాత్రం ఎవరు చెప్పినా వినడానికి బయటికి రాలేదు.

"ఆ పిల్ల మీ గ్రూపులో మాట్లాడదు గానీ దినామూ సదవతా ఉండాదంట," అంది రెబెకమ్మ. "మీ అన్న సూపించినాడు. ఆ దివిటీ ముక్క ఆయన పెట్టిన ప్రతి పొద్దూ సదివినోళ్లలో మొదటి పేరు గ్రేసీదే. ఆ ఒక్క మనిషి కోసరమే రాస్తా ఉండాడాయన."

ఆ ముక్కను మేం విసుగ్గా తోసేసుకుంటూ పోయాం. అది మాకు రాసింది కాదు. వెలుగు ఆరిపోలేదని, నీ చోటు నీకే ఉందని, ఒకే ఒక మనిషికి రోజూ పంపిన కబురు. నేనేమో చమురు లెక్క అడిగాను. దేవరాజులన్న మీద నాకు ఆ క్షణంలో పుట్టిన ప్రేమను కప్పిపుచ్చుకోవడానికి ఫ్లెక్సీలో గంటల బొమ్మను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను.

రెబెకమ్మ లేచి గొడుగు అందుకుంది. కథ అంతా బాగుంది గానీ తనకు ఒక్క సంగతే నచ్చలేదని, ఉగాది నుంచి ఆ రాక్షసిని అలా నోరు తెరిపించి ఉంచడం అన్యాయమని అంది. దాని తరఫున మాట్లాడే మనిషే లేడా అని అన్నను అడిగిందట. లేరమ్మా, మీరుంటారా అన్నాడట అన్న.

ఆ సాయంత్రం దండులో దివిటీ ముక్క రాలేదు. దాని బదులు అన్న, ఇంతవరకు రాక్షసి మాటలు నేను చెప్పినాను, ఈ పొద్దు నుంచి దాని నోరు దానిదే అని పెట్టాడు. వెంటనే కొత్త నంబరు నుంచి ఒక్క అచ్చుతప్పు లేకుండా ఇది వచ్చింది.

"నేను రాక్షసిని. ఉగాది నుంచి నోరు తెరుచుకోని ఉండాను, దవడలు పట్టేసినాయి. దివిటీ పట్టుకున్న పాపా, నా నాలుక కోస్తానంటివంట. కొయ్యి. కోసే ముందర ఆ దివిటీ కొంచెం ఎత్తి పట్టుకో. నీ ముఖం సూసి శానా కాలమాయె."

గ్రేసీ టైపు చేస్తున్నట్టు కనపడింది. ఆగిపోయింది. మళ్లీ కనపడింది, మళ్లీ ఆగిపోయింది. షాపులో ప్రింటరు కాగితం అయిపోయి కుయ్యోమంటున్నా నేను లేవలేదు.

"నీలమ్మ దివిటీ ఎత్తింది," అని వచ్చింది. కాసేపటికి ఇంకొకటి వచ్చింది. "కత్తి ఒరలో పెట్టేసింది. సంచి తేలేదమ్మా."

పై రెండు విషయములు చదివి మిక్కిలి సంతోషించడమైనదని పరంధామయ్యగారు రాశారు. సుబ్రమణ్యం గొంతు రికార్డు పంపాడు. మొట్టమొదటిసారి అందులో టకటక లేదు. మగ్గాలు ఆపించి మరీ మాట్లాడదామనుకున్నాడు గానీ ముక్కు చీదుకోవడం తప్ప ఏమీ వినపడలేదు. క్రిస్మస్ నాడు పాట గ్రేసీయే ఎత్తుకుంది. మా దండంతా వెనక వరసలో కూర్చున్నాం. పరంధామయ్యగారు నామం పెట్టుకుని వచ్చి, పాట అయ్యాక అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు. రెబెకమ్మ తల తిప్పి చూసింది, ఎవరన్నారో చూసి నవ్వేసింది.

ఇప్పుడైనా ఆట ముందుకు పోయిందా అంటే, పోలేదు. రాక్షసి అందరినీ లోపలికి రమ్మంది. నన్ను మాత్రం కాలు అడ్డం పెట్టి ఆపింది. "ఏమబ్బీ చలపతీ, ఈ పాపను నాకు మేపమన్నది నువ్వే గదా. ఏమి చెప్తావో చెప్పి లోపలికి రా," అంది.

ఏం చెప్పాలో నాకు తోచలేదు. తలుపు కనపడకముందే తెరిచేవాడిని, ఒక్క వాక్యం రాయలేక ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. రాస్తాను, తుడిచేస్తాను. సంక్రాంతి కూడా వెళ్లిపోయింది. ఇంతమందీ నా కోసం ఆగి ఉన్నారే అని సిగ్గేస్తోంది. ఒక్కరూ నన్ను తొందరపెట్టలేదు. నీలమ్మ దివిటీని నావైపు తిప్పి పట్టుకుని నిలబడి ఉందని గ్రేసీ రోజూ సాయంత్రం ఒక ముక్క రాసి పెడుతోంది.

నిన్న అన్న ఫోను చేశాడు. మొత్తం దండును ఆపేశానని తిడతాడేమో అనుకుంటూ ఎత్తాను. శ్రీపురం దగ్గర ఉన్నాడు, ఒక తల తక్కువైందట, వెతుకుతున్నాడట.

"నువ్వు నిదానంగా ఆలోసించుకో గిరీ, తొందరేం లేదు," అన్నాడు. "రాక్షసి కూడా కూర్సోని సక్కిలాలు తింటా ఉండాది."